ద్రాక్షతోట, గోదావరి నీరు

గోదావరి డెల్టాలో ద్రాక్షారామమను క్షేత్రమున్నది. భీమేశ్వరస్వామి వెలసిన ఆ ఊరు పంచారామములలో ఒకటి. పేరు వినగానే ద్రాక్షపందిళ్ళు స్ఫురించును గాని, అక్కడ కనిపించునవి వరిచేలు, కొబ్బరితోటలు. దక్షుని ఆరామము గనుక దాక్షారామమైనదని, అదియే వాడుకలో ద్రాక్షారామముగా మారినదని పెద్దలు చెప్పుదురు. అదే గోదావరి వెంట ఎదురేగి పోయినచో, 1,465 కిలోమీటర్ల పొడవైన ఆ నది పుట్టినచోట, నాశిక్ జిల్లాలో, నిజమైన ద్రాక్షతోటలు కొండల అంచులదాక పరచుకొని ఉన్నవి. నదికి ఆ కొసన ద్రాక్ష ఉన్నది, ఈ కొసన పేరు మాత్రమున్నది.

గత ఫిబ్రవరిలో మేము ఆ తోటలలో ఒకదానిని చూచి వచ్చినాము. అక్కడ పండిన పండ్లతో అక్కడనే వైన్ తయారు చేయుదురు. నేలను, నీటిని పాడుచేయకుండ ఈ పని సాగించుచున్నామని ఆ తోటవారు చెప్పుచుందురని విని, ఆ మాటలో నిజమెంతయో చూడవలెనని బయలుదేరినాము. ఈ ప్రసంగము వైన్‌ను పొగడుటకు ఉద్దేశించినది కాదు. నది తలాపున ఉన్న రైతు నీటిని ఎట్లు వాడుచున్నాడో, నది పాదముల చెంత ఉన్న మనము తెలిసికొనవలసి యున్నది.

ఒక్క మాట ముందుగా చెప్పవలెను. ఆయుర్వేద వైద్యులు ఇచ్చు ద్రాక్షాసవము మనలో చాలమందికి తెలియును. అది ఔషధము. దానిని దీనిని కలిపివేయుట న్యాయము కాదు. కనుక వాడుకలో ఉన్న వైన్ అను మాటనే వాడుచున్నాము.

సికిందరాబాదులో దేవగిరి ఎక్స్‌ప్రెస్సు ఎక్కినాము. నిజామాబాదు దాటిన తరువాత, బాసర స్టేషను రాకముందే, రైలు గోదావరి వంతెన మీదుగా సాగును. అప్పటికి ఎండ వాలినది. పెట్టెలోనివారు కొందరు లేచి కిటికీల చెంత చేరి, దండము పెట్టి, నాణెములు విసరినారు. ఒక తల్లి తన పిల్లవాని చేతికి రూపాయి ఇచ్చి, గంగమ్మకు వేయుమన్నది. తెలంగాణలో నదిని గోదావరి అనుటకన్న గంగ అనుటయే అలవాటు. నాశిక్‌లో కూడ దానిని గంగ యనియే పిలుతురని మరునాడు తెలిసినది.

రైలుకు పేరిచ్చిన దేవగిరియే తరువాతి కాలపు దౌలతాబాదు. 14వ శతాబ్దములో మన దేశమునకు వచ్చిన ఇబ్న్ బతూతా, ఆ ప్రాంతమున ద్రాక్ష, దానిమ్మ ఏడాదికి రెండు పంటలు పండునని తన యాత్రాగ్రంథములో వ్రాసినాడు. చలిదేశపు తీగెను చూచినవానికి ఇది వింతయే. ఐరోపాలో ద్రాక్షతీగె శీతకాలమున ఆకులు రాల్చి నిద్రించును, వసంతములో చిగిర్చును, శరత్తులో పండును. దక్కను పీఠభూమిలో దానికి నిద్రపట్టునంతటి చలి లేదు. అందుచేత ఇక్కడి రైతు కత్తెర పట్టి ఆ పని తానే చేయును. ఏప్రిలులో ఒక కత్తిరింపు, అది కొమ్మను సిద్ధపరచుటకు. వానలు వెనుకపట్టిన తరువాత, సెప్టెంబరు అక్టోబరు మాసములలో రెండవ కత్తిరింపు, అది పండు కొరకు. వైన్ ద్రాక్ష జనవరి నుండి మార్చి వరకు కోతకు వచ్చును. నాశిక్ సముద్రమట్టమునకు సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్నది. పగలు ఎండ కాసినను శీతకాలపు రాత్రులు చల్లగా ఉండును. ఆ చల్లదనము వలన పండులో తీపితోపాటు పులుపు కూడ నిలుచును. పులుపు లేని పండు వైన్‌కు పనికిరాదు.

తోట యజమాని ఏబది దాటిన మరాఠీ రైతు. మేము రేడియోవారమని తెలిసి నవ్వినాడు. "మా నాన్న రేడియోలో లాసల్‌గావ్ ఉల్లిధర విన్నాకనే బండి కట్టించేవాడు. మీ మాట నమ్మి మేము పెరిగినాము" అన్నాడు. తండ్రి కాలమున ఆ నేలలో ఉల్లి, గోధుమ పండినవి. తరువాత తినే ద్రాక్ష వేసినారు. 1999లో స్థాపించబడిన సూలా సంస్థ నాశిక్ ప్రాంతములో వైన్ తయారీకి బాట వేసినది. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వము ఈ పరిశ్రమను ప్రోత్సహించుచు ఒక విధానమును ప్రకటించినది. పలువురు రైతుల వలెనే ఈయనయు అప్పుడు వైన్ తీగెలు నాటినాడు. 2008-09 ఆర్థికమాంద్యములో కొనువారు లేక, ఇరుగు పొరుగు రైతులు అనేకులు ఆ తీగెలను పెరికివేసినారు. తాను మాత్రము సగము పెరికి సగము ఉంచుకొన్నాడట. ఆ సగమే నేటి తోట.

మన అలంకారికులు సులభముగా రసమిచ్చు కవిత్వమును ద్రాక్షాపాకమన్నారు. నోటిలో వేసికొన్నవానికి ద్రాక్ష సులభమే గాని, పండించువానికి కాదు. ఈ తోటలోని షెనిన్ బ్లాన్, షిరాజ్ తీగెలు తమ వేళ్ళపై తాము నిలిచినవి కావు. నేల క్రింద ఉన్న వేరు డాగ్‌రిడ్జ్ అను అమెరికా జాతిది, పైన అంటుకట్టిన కొమ్మ ఫ్రెంచి జాతిది. 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున ఫిలాక్సెరా అను పేను వంటి పురుగు వేళ్ళను తిని ఫ్రాన్సు తోటలను నాశనము చేసినప్పుడు, ఆ పురుగును తట్టుకొను అమెరికా వేళ్ళపై అంటుకట్టుట నేర్చినారు. మన దక్కనులో అట్టి వేరును వాడుటకు ముఖ్యకారణము వేరు. నీటి ఎద్దడిని, చౌడును అది ఓర్చుకొనును.

తినే ద్రాక్షను పందిళ్ళపై పాకించుటను మనము ఎరుగుదుము. ఇక్కడ తీగెలు కంచెల వలె నిలువు వరుసలలో తంతులపై నిలిచి ఉన్నవి. గాలి ధారాళముగా ఆడును, ఆకుపై తేమ నిలువదు, బూజు తగ్గును. వరుసల నడుమ జనుము చల్లి, పూత రాకముందే కోసి అక్కడనే పరచినారు. యజమాని ఆ కప్పును చేతితో తొలగించి ఒక గుప్పెడు మట్టి తీసి చూపినాడు. మిట్టమధ్యాహ్నపు ఎండలో కూడ అది చల్లగా ఉన్నది, అందులో వానపాము కదలినది. తీగెల మొదట నల్లని గొట్టములు, వానినుండి చుక్క చుక్కగా నీరు. బిందుసేద్యము మన రైతులకు క్రొత్త కాదు. కొత్తగా తోచినది, నీరు ఎప్పుడు ఆపవలెనో ఆయన లెక్క చూచుకొనుట. తీగె అడిగినంత నీరు పోసినచో ఆకు పెరుగుననియు, పండు ముదురు వేళ కొంచెము తక్కువ ఇచ్చినచో రుచి చిక్కబడుననియు చెప్పినాడు. అదే మహారాష్ట్రలో చెరకుతోటలు త్రాగు నీటితో పోల్చినచో వైన్ ద్రాక్ష దాహము చాల తక్కువ.

తోట మూలన వాననీటి గుంట ఉన్నది. శేత్‌తళె అని అచ్చటివారు పిలుతురు. నీరు ఇంకిపోకుండ ప్లాస్టికు పట్టా పరచినారు. ఇది వానకాలమున పొలము మీది నీటితోనే నిండుననియు, బోరుతో దీనిని నింపుట లేదనియు యజమాని గట్టిగా చెప్పినాడు. ఇట్టి గుంటలను బోరునీటితో నింపుకొనువారు ఆ ప్రాంతమున ఉన్నారు. వాననీటితో నిండిన గుంట నీటిని కాపాడును. బోరుతో నింపిన గుంట, భూమి నీడలో దాచుకొన్న నీటిని పైకి లాగి ఎండకు ఆరబెట్టును. చూచువారికి రెండు గుంటలును ఒక్కటే.

కోత తెల్లవారుజామునకు ముందే ముగియవలెను. ఎండ తగిలిన పండు దారిలోనే పులియనారంభించును. మేము చేరునప్పటికి నుదుట దీపములు కట్టుకొన్న స్త్రీలు బుట్టలు నింపుచున్నారు. వారిలో ఎక్కువమంది సుర్గాణా తాలూకానుండి పనికై వచ్చిన ఆదివాసులు. తోట మారిన తరువాత మీకేమి మారినదని అడిగినాము. కూలి కొంచెమే పెరిగినదని ఒక పెద్దామె చెప్పినది. పిమ్మట వరుస మొదట గుచ్చిన చిన్న జెండాకొయ్యను చూపినది. "మందు కొడితే అక్కడ ఎర్రగుడ్డ కడతారు. అది తీసేదాకా మేము లోపలికి పోము. మునుపు కొట్టిన మరునాడే దిగేవాళ్ళము. చేతులు మండేవి" అన్నది. నేలను కాపాడు వ్యవసాయము గురించి మాకు వినిపించిన మాటలన్నిటిలో ఇదియే తూకమైనదని మాకు తోచినది.

కోసిన పండ్లు చల్లని శాలలోనికి చేరును. తొడిమెలు తీసి, చిదిపి, తెల్ల వైన్‌కైనచో రసము పిండి, ఉక్కు తొట్లలో పోయుదురు. రసములోని చక్కెరను ఈస్టు అను సూక్ష్మజీవి తిని ఆల్కహాలుగను, బొగ్గుపులుసు వాయువుగను మార్చును. ఈ మార్పు జీవుల పనియేనని 19వ శతాబ్దములో లూయీ పాశ్చర్ నిరూపించినాడు. ఆ వాయువును తొట్టినుండి ఒక గొట్టము ద్వారా నీళ్ళ పాత్రలోనికి వదలుదురు. శబ్దముతో బ్రతుకువారము గదా, మేము శబ్దగ్రహణ యంత్రమును ఆ పాత్రచెంత పెట్టినాము. ఒక తొట్టిలో బుడగలు వడివడిగా, ఇంకొకదానిలో ఆగి ఆగి పలుకుచున్నవి. వయసును బట్టి వాని చప్పుడు మారునని, చెవితోనే తొట్టి ఎంతవరకు వచ్చినదో చెప్పగలనని అక్కడి పనివాడు అన్నాడు.

ఈ పని చేయునప్పుడు వేడి పుట్టును. తెల్ల వైన్‌ను సాధారణముగా 12 నుండి 18 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య ఉంచవలెను. ఉష్ణదేశములో వైన్ చేయువానికి విద్యుత్తు ఖర్చులో పెద్దది ఈ చల్లార్చుటయే. శాల కప్పుపై సూర్యరశ్మి ఫలకములు పరచినారు. పగటిపూట అవి యంత్రమును నడిపించును. రాత్రికి తిరిగి కంపెనీ కరెంటే. అందుకని వీలైనంత చల్లదనమును పగలే నిలువచేసి, తొట్లకు మందమైన కవచము తొడిగినారు.

పిండగా మిగిలిన తొక్క, గింజ, పిప్పి నూరు కిలోల పండ్లకు ఇంచుమించు ఇరువది కిలోలుండును. దీనిని పేడతో కలిపి కుళ్ళబెట్టి తిరిగి తోటకే వేయుదురు. అసలు చిక్కు కడుగునీటితో వచ్చును. తొట్లు, గొట్టములు, నేల, బుట్టలు కడుగుటకు, ఒక లీటరు వైన్‌కు అనేక లీటర్ల నీరు ఖర్చుచేయు కార్ఖానాలు ప్రపంచమున చాల ఉన్నవి. ఆ నీటిలో చక్కెర, ఆమ్లము, ఈస్టు ఉండును. దానిని అట్లే వాగులోనికి వదలినచో, దానిని తిను క్రిములు పెరిగి నీటిలోని ప్రాణవాయువును పీల్చివేయును, చేపలు తేలును. ఈ తోటలో ఒక తొట్టిని చివరిసారి కడిగిన నీటినే తరువాతి తొట్టికి మొదటి కడుగుగా వాడుదురు. పిదప ఆ నీటిని తేర్చి, గాలి ఆడించి, రెల్లు పెంచిన మడుగు గుండ పారించి, గట్లమీది చెట్లకు పెట్టుదురు. చివరి మడుగు చెంత నిలిచినప్పుడు మాకు దుర్వాసన తగులలేదు. వాగులోనికి పోవు గొట్టమేదైన ఉన్నదా యని గట్టు వెంట వెదకినాము. కనిపించలేదు.

మంచిని మాత్రమే చెప్పి ముగించినచో ఇది ప్రకటన యగును, ప్రసంగము కాదు. యజమానియే తన లోపములను ఒక్కొక్కటి చెప్పినాడు. బూజు తెగులుకు మైలుతుత్తము, సున్నము కలిపిన బోర్డో మిశ్రమము చల్లుదురు. 1885లో ఫ్రాన్సులో మియార్దే అను శాస్త్రజ్ఞుడు దీని గుణమును లోకమునకు తెలిపినాడు. సేంద్రియ వ్యవసాయములో కూడ దీనిని అనుమతింతురు. కాని రాగి నేలలో కరగిపోవునది కాదు, ఏటేట పేరుకొనును. అందుకనే ఐరోపా సమాఖ్య 2019 నుండి హెక్టారుకు ఏడేండ్లలో 28 కిలోలకు, అనగా సగటున ఏటికి 4 కిలోలకు మించరాదని హద్దు పెట్టినది. సహజమని పేరు పెట్టినంతమాత్రమున హాని లేకపోదు. అకాలవర్షము కురిసిన ఏడు తాను గట్టి మందులు కూడ వాడితినని, లేకున్న పంట దక్కెడిది కాదని దాచకుండ చెప్పినాడు. ఇంకొకటి సీసా. గాజును కరగించి, దూరమునుండి తెచ్చి, నింపి, మరల దూరమునకు పంపుటలో కాలు బొగ్గు, చమురు, తోటలో మిగిలిన దానిని చాలవరకు మింగివేయును. తేలికపాటి సీసాలు వాడుచున్నాడు. బరువైన సీసాయే గొప్పదని కొనువారు అనుకొన్నంతకాలము తన చేతిలో ఉన్నది కొంచెమేనని అన్నాడు.

మద్యపానము మాట ఎత్తకుండ ఉండలేకపోయినాము. మన రాజ్యాంగపు 47వ అధికరణము, మత్తు పానీయములను నిషేధించుటకు రాజ్యము యత్నింపవలెనని నిర్దేశించుచున్నది. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సాగించిన సారా వ్యతిరేకోద్యమము 1992లో రాష్ట్రమంతట ప్రాకినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది, 1997లో సడలినది. ఆ స్త్రీల కన్నీటిని ఎరిగిన ప్రాంతమునుండి వచ్చినవారము మేము. ఈ సంగతి చెప్పగా యజమాని కొంతసేపు ఊరకున్నాడు. తన ఇంట స్త్రీలు కూడ ఈ పనిని మొదట ఒప్పుకొనలేదని, తన తల్లి బ్రతికినన్నాళ్ళు ఈ శాల గడప త్రొక్కలేదని చెప్పినాడు. మాలో ఒకరు రుచి చూచినారు, మరియొకరు పులియని రసముతో తృప్తి చెందినారు. ఈ వాదము తీరునది కాదు. కాని త్రాగుట మంచిదా కాదా యన్న ప్రశ్నకు జవాబేదైనను, నది నీరు ఎవరిదన్న ప్రశ్న మిగిలియే ఉండును. చెరకునకును, వరికిని, వైన్‌కును అది ఒక్కటే.

హైదరాబాదువారికి ఈ ప్రశ్న దూరపుది కాదు. అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష మన నగరపు బిడ్డ. అబ్దుల్ బాకర్ ఖాన్ పేరుతో ముడిపడిన ఆ జాతి ఇక్కడినుండియే దక్షిణదేశమంతట వ్యాపించినది. మా చిన్నతనమున మేడ్చల్, శామీర్‌పేట దారులలో ద్రాక్షపందిళ్ళు కనిపించెడివి. వేసవికి ముందు, తోట గుమ్మములో తూచి అమ్మెడివారు. పొడవైన ఆ లేతపసిడి పండ్ల గుత్తి ఒకటి రెండు చేతులలో పట్టెడిది కాదు. రాజేంద్రనగరులో ద్రాక్ష పరిశోధన కేంద్రము వెలసినది. కాని బావులు ఎండినవి, బోర్లు ఏటేట లోతైనవి, కూలి పెరిగినది, తెగుళ్ళు పెరిగినవి, అన్నిటిని మించి నేల ధర పెరిగినది. పందిళ్ళు ఉన్నచోట ఇండ్లు లేచినవి. ఆ తోటలను ఎవరో ఒక్కరు చంపినారని చెప్పలేము. క్రింది నీరు ఎంత ఉన్నదో లెక్క చూడకుండ పైకి తోడుకొన్నవారమందరము తలా ఒక పాలు పంచుకొన్నాము.

సాయంకాలము గంగాపూర్ ఆనకట్టకు పోయినాము. నాశిక్ నగరమునకు ఎగువన, గోదావరిపై కట్టిన మట్టి ఆనకట్ట అది. నది అక్కడ ఇంకను పసిబిడ్డ. దిగువన పైఠణ్ వద్ద జాయక్వాడీ జలాశయమున్నది. నాశిక్ జలాశయములనుండి మాకు నీరు వదలవలెనని మరాఠ్వాడా రైతులు, మాకే చాలదని ఎగువ రైతులు వాదులాడుకొనుచుందురు. ఇంకను దిగువన బాభళీ బ్యారేజీ ఉన్నది. దానిపై ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్రల మధ్య నడచిన వివాదమున సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పినది. జూలై 1 నుండి అక్టోబరు 28 వరకు దాని తలుపులు తెరచియుంచవలెను. ఆ నీరు చేరునది మన శ్రీరామసాగరమునకు. కోర్టు తలుపులను తెరిపించగలదు. ఎగువ రైతు ఒక తొట్టి కడిగిన నీటితో ఇంకొక తొట్టిని కడుగునట్లు మాత్రము ఏ తీర్పును చేయలేదు. అది అతని మనసునుండి, అతని లెక్కపుస్తకమునుండి రావలసినది.

నాశిక్ లోయలో ఇట్టి తోటలు కొన్ని, ఇట్లు కానివి అనేకము. ఒక్క తోట నదిని నింపజాలదు. అయినను, దిగువన మనుష్యులున్నారన్న స్పృహతో పనిచేయు రైతును ఒకనిని చూచినాము. బయలుదేరునప్పుడు ఆయన మాకొక బుట్టెడు తినే ద్రాక్ష ఇచ్చి, మీ ఊరు గోదావరికి ఎంత దూరమని అడిగినాడు. మాలో ఒకరిది కోనసీమ. నది సముద్రములో కలియుచోటికి దగ్గరనే యని చెప్పినాము. "అయితే మేము వాడగా మిగిలినదే మీకు వచ్చును" అని, కొంచెము సిగ్గుపడినట్లు నవ్వినాడు.

తిరుగు ప్రయాణములో బాసర వంతెన వచ్చినప్పుడు ఎవరో మరల నాణెము విసరినారు. మేము కిటికీలోనుండి క్రిందికి చూచినాము. ఫిబ్రవరి గోదావరి, ఇసుకతిన్నెల నడుమ సన్నని పాయలుగా ఉన్నది. ఆ పాయలలో ఎగువనుండి మన వరకు వచ్చినదెంతయో తెలియదు గాని, వచ్చినంత మేర అది ఎవరో ఒకరు వాడక విడిచిన నీరు. దానిని మనము ఎట్లు వాడి, మన దిగువవారికి ఏమి మిగుల్చుచున్నామో ద్రాక్షారామపు రైతు మనలను అడుగవచ్చును. అడిగిననాడు చూపుటకు మన యింట కూడ ఒక లెక్కపుస్తకము ఉండవలెను.